ఆన్ బొలీన్ సమాధి అజ్ఞాతం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండు రాణి ఆన్ బొలీన్ గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఎనిమిదో హెన్రీ ఆస్థానంలో ఆమె ఎదిగిన తీరును, మూడేళ్ళలోనే కూలిపోయిన తీరును రచయిత చక్కగా చెప్పారు. అయితే వ్యాసం చివర, శిరశ్ఛేదం తరువాత ఆమె దేహాన్ని ఎక్కడ పూడ్చారో నేటికీ ఎవరికీ తెలియదని రాశారు. ఆ పక్కనే గాజు దిండు అమర్చిన గుండ్రటి కట్టడం ఫొటో వేసి, దాని కింద ‘రాణి సమాధి’ అని ముద్రించారు. సమాధి తెలియదన్న మాటా, ఇదిగో సమాధి అన్న మాటా ఒకే పుటలో ఎలా ఇమిడాయో గాని, ఆ రెండూ సరికావు. విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం ఐరోపా చరిత్ర బోధించినవాణ్ణి కనుక, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ అనుబంధాన్ని కత్తిరించి దాచుకుంటారని ఎరిగినవాణ్ణి కనుక, ఈ ఉత్తరం కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా వివాదం లేని సంగతి చెప్పాలి. 1536 మే 19 ఉదయం లండన్ టవర్ కోట ప్రాకారం లోపలే ఆన్ బొలీన్‌కు మరణశిక్ష అమలైంది. మామూలుగా వాడే గొడ్డలి వద్దని, అప్పట్లో ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న కాలే పట్టణం నుంచి కత్తి వాడటంలో ఆరితేరిన తలారిని రప్పించారు. సముద్రం అవతలి నుంచి తలారిని రప్పించే ఏర్పాటు చేసినవారికి శవపేటిక సంగతి మాత్రం తట్టలేదు. చివరికి బాణాలు పెట్టుకునే ఎల్మ్ కర్ర పెట్టె ఒకటి దొరికితే, తలను, మొండేన్ని అందులో ఉంచి, ఆ కోటలోనే ఉన్న సెయింట్ పీటర్ ఆడ్ వింకులా చర్చిలో బలిపీఠం దగ్గర పూడ్చారు. మధ్యాహ్నం లోపే అంతా ముగిసింది. ఆ సంవత్సరాల దినవృత్తాంతం రాసిపెట్టిన రాజోద్యోగి చార్లెస్ రైయత్‌స్లీ కూడా రాణి తలను, దేహాన్ని టవర్‌లోని చర్చిలో పూడ్చారనే నమోదు చేశాడు. అంతకు రెండు రోజుల ముందు, మే 17న, వ్యభిచారం, రాజద్రోహం అనే అవే అభియోగాల మీద తల కోల్పోయిన ఆమె సోదరుడు జార్జ్ బొలీన్‌ను కూడా ఆ చర్చిలోనే ఉంచారు. కనుక ఏ చర్చి అన్న విషయంలో సమకాలికులకు సందేహం లేదు, తరువాతి చరిత్రకారులకూ లేదు.

చర్చి లోపల ఏ చోట అన్నదానికి కూడా పాత సాక్ష్యం ఒకటుంది. లండన్ నగర చరిత్రను జీవితమంతా సేకరించిన జాన్ స్టో, ఆన్ మరణించేనాటికి పదేళ్ళు దాటిన బాలుడు. బలిపీఠం ముందు ఇద్దరు రాణుల మధ్య ఇద్దరు డ్యూకులు పడుకుని ఉన్నారని, నలుగురూ తల నరికించుకున్నవారేనని అతను రాశాడు. రాణుల్లో ఒకరు ఆన్, రెండోవారు హెన్రీ అయిదో భార్య, 1542 ఫిబ్రవరి 13న మరణశిక్ష పొందిన కేథరిన్ హోవర్డ్. డ్యూకుల్లో ఒకరు సోమర్‌సెట్, రెండోవారు నార్తంబర్లండ్. ఈ నలుగురి పొరుగు ఎంత విచిత్రమో వ్యాసకర్త గమనించి ఉంటే తన కథకు ఇంతకంటే మంచి ముగింపు దొరికేది. సోమర్‌సెట్ డ్యూకు మరెవరో కాదు, ఆన్ మరణించిన పదకొండో రోజునే హెన్రీ పెళ్ళాడిన జేన్ సేమోర్‌కు స్వయానా అన్న. ఆన్ పతనంతో ఆ కుటుంబానికి రాజు బంధుత్వం దక్కింది. మేనల్లుడు ఆరో ఎడ్వర్డ్ బాలరాజుగా ఉండగా రాజ్యమంతా అతని చేతిలోకే వచ్చింది. అతణ్ణి పడగొట్టి అధికారం చేజిక్కించుకున్నవాడు నార్తంబర్లండ్. 1552 జనవరిలో సోమర్‌సెట్ తల తెగింది. ఏడాదిన్నర దాటగానే, కోడలు లేడీ జేన్ గ్రేను సింహాసనం మీద కూర్చోబెట్టబోయి నార్తంబర్లండ్ కూడా 1553 ఆగస్టులో అదే దారి పట్టాడు. బతికి ఉండగా ఒకరి గొయ్యి ఒకరు తవ్వుకున్నవారు చివరికి రెండు మూడు గజాల నేలలో పక్కపక్కనే సర్దుకున్నారు.

అంత స్పష్టమైన చోటు మీద మూడు శతాబ్దాలకు పైగా పేరు ఎందుకు లేదన్నది సమంజసమైన ప్రశ్నే. బహుశా ఆ పేరులేమి నుంచే ‘తెలియదు’ అన్న మాట పుట్టింది. మరణానికి రెండు రోజుల ముందే ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆమె వివాహం చెల్లదని తేల్చాడు. కూతురు ఎలిజబెత్ అప్పటికి మూడేళ్ళు కూడా నిండని పసిపిల్ల. ఆ పిల్లే 1558లో రాణి అయి 44 ఏళ్ళకు పైగా ఏలినా, తల్లి మీద ఒక్క రాయి పెట్టించలేదు, ఆ అస్థికలను రాజుల సమాధులుండే వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చికి తరలించనూ లేదు. దీన్ని మమకారం లేకపోవడంగా చూసేవారున్నారు గాని నాకు అలా అనిపించదు. తల్లి పెళ్ళి చెల్లుతుందా చెల్లదా అన్న ప్రశ్న మీదే ఎలిజబెత్ సింహాసన హక్కుకు శత్రువులు గురిపెట్టారు. ఆ ప్రశ్నను కదిలించకుండా ఉండటమే రాజనీతి అని ఆమె అనుకుని ఉంటుంది. ఆన్ తండ్రి థామస్ బొలీన్‌కు మాత్రం కెంట్‌లోని హీవర్ చర్చిలో గార్టర్ బిరుదు చిహ్నాలతో చక్కని ఇత్తడి ఫలకం ఉంది. ఇద్దరు బిడ్డలను రాజు చంపించిన తరువాత కూడా అతను మంచం మీదే పోయాడు.

ఆ చర్చిని మళ్ళీ లోకం దృష్టికి తెచ్చినవారిలో మన పాఠకులకు బాగా తెలిసిన పేరు ఒకటుంది. 1835 నాటి విద్యా నివేదికతో మన చదువుల దారి మళ్ళించిన మెకాలే, ఇంగ్లండు తిరిగివెళ్ళి రాసిన ఇంగ్లండు చరిత్రలో ఈ చోటును ప్రస్తావించాడు. 1685లో మన్మత్ డ్యూకు ఖననం గురించి చెబుతూ, అంతకుముందు అక్కడికి చేరినవారిని ఒక్కొక్కరినే తలచుకుని, భూమి మీద ఇంతకన్నా విషాదకరమైన స్థలం మరొకటి లేదన్నాడు. అంత చారిత్రక స్థలాన్ని మరమ్మతుల పేరిట పాడుచేశారని అధోజ్ఞాపికలో నిర్వాహకులను ఘాటుగానే తిట్టాడు. మన భాషల సాహిత్యాన్ని తేలిక చేసి మాట్లాడినవాడి మీద నాకు ప్రత్యేక ప్రేమ ఏమీ లేదు గాని, ఈ ఒక్క తిట్టుతో ఏకీభవిస్తాను.

అసలు తవ్వకం 1876లో జరిగింది. చర్చి నేల అక్కడక్కడ కుంగిపోతుంటే బాగుచేయాలని నిర్ణయించారు. విక్టోరియా రాణి అనుమతి ఇస్తూ, బయటపడే అస్థికలను భక్తిశ్రద్ధలతో చూడాలని, ఎవరివో గుర్తించడానికి వీలైన ప్రతి ఆనవాలునూ రాసిపెట్టాలని ఆదేశించింది. ఆ ఆదేశం వల్లే ఈ రోజు మనకు వివరాలు దక్కాయి. తవ్వకాన్ని దగ్గరుండి చూసిన డోయిన్ బెల్ మరుసటి సంవత్సరం అంతా పుస్తకంగా వేశాడు. స్టో మాటలను ఆధారం చేసుకుని ముందుగా ఒక పటం గీసుకున్నారు. ఆ ఏడాది నవంబరులో, ఆన్ ఉండాలని పటంలో గుర్తుపెట్టిన చోట రాళ్ళు తీసి సుమారు రెండడుగులు తవ్వగానే ఒక స్త్రీ ఎముకలు కనిపించాయి. అయితే అవి మనిషి పడుకున్న వరుసలో లేవు, ఒక చోటికి చేర్చి పోగేసినట్టు ఉన్నాయి. ఆ చర్చి కోటలో కాపురమున్న సిబ్బందికి, వారి కుటుంబాలకు మామూలు ప్రార్థనాలయం కూడా. తరువాతి శతాబ్దాల్లో సాధారణ ఖననాలు అక్కడే జరిగాయి. కొత్త గొయ్యి తవ్వినప్పుడల్లా పాత ఎముకలు పక్కకు జరిగాయి.

ఆ ఎముకలను పరీక్షించిన వైద్యుడి పేరు ఫ్రెడరిక్ మోవాట్. మీ వ్యాసంలో ఈ పేరు లేకపోవడం నాకు కొంత వెలితిగా తోచింది, ఎందుకంటే ఈయన మన తీరానికి పరాయివాడు కాడు. బెంగాలులో కంపెనీ వైద్యుడిగా పనిచేసి, కలకత్తా వైద్య కళాశాలలో బోధించి, ఆ ప్రాంతపు జైళ్ళన్నిటికీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1857 తిరుగుబాటు తరువాత ఖైదీలను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, అండమాన్ దీవులను చూసిరావడానికి వేసిన సంఘానికి ఈయనే అధ్యక్షుడు. ఆ సంఘం ఎంపిక చేసిన రేవే పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం. మన విశాఖ రేవులో ఓడ ఎక్కి అండమాన్ వెళ్ళే ప్రయాణికులు దిగేది మోవాట్ సంఘం సూచించిన ఆ రేవులోనే. దేశదేశాల ఖైదీలకు ప్రవాస ద్వీపం చూపించినవాడే, ఉద్యోగ విరమణ తరువాత ఇంగ్లండులో, తన దేశపు అతి ప్రసిద్ధ ఖైదీ ఎముకలను చేతిలోకి తీసుకున్నాడు. చరిత్రలో ఇటువంటి కలయికలు అరుదు.

మోవాట్ అభిప్రాయం ఏమిటంటే, అవి 25 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసున్న, అయిదడుగులు లేదా దానికి రెండు మూడు అంగుళాలు మించిన ఎత్తు గల, సన్నని నిర్మాణం ఉన్న స్త్రీవి. నుదురు, కింది దవడ తీర్చినట్టున్నాయని, మెడ ఎముకలు చిన్నవని కూడా ఆయన గమనించాడు. తన మెడ చిన్నదని ఆన్ చివరి రోజుల్లో కోట అధిపతి కింగ్‌స్టన్‌తో అన్న మాట అందరూ ఎరిగినదే కాబట్టి, అక్కడున్నవారికి ఇక అనుమానం మిగలలేదు. అవి ఆన్ బొలీన్ ఎముకలేనని నమోదు చేశారు.

నాకు అనుమానం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. మోవాట్ నిజాయితీని నేను శంకించడం లేదు. ఆయన ఎముకలను చూసేనాటికే, ఆ చోటు ఎవరిదో పటం మీద రాసి ఉంది. ఎదురుచూస్తున్న వ్యక్తి పోలికలు ఎదురుగా ఉన్న ఎముకల్లో కనిపించడం ఎంతటి నిపుణుడికైనా సహజం. పైగా వయసు లెక్క అంత తేలిగ్గా కుదరదు. ఆన్ 1507లో పుట్టిందని నమ్మితే మరణించేనాటికి ఇరవై తొమ్మిదికి అటూ ఇటూ ఉంటుంది, అది మోవాట్ అంచనాలో ఇముడుతుంది. కాని 1513లో ఆమెను నేటి బెల్జియంలోని మెహెలెన్‌లో ఉన్న నెదర్లాండ్స్ పాలకురాలు, ఆస్ట్రియా మార్గరెట్ ఆస్థానానికి పరిచారికగా పంపారు. అక్కడి నుంచి ఆమె తండ్రికి ఫ్రెంచిలో రాసిన ఉత్తరం నేటికీ ఉంది. ఆరేళ్ళ పిల్లను అటువంటి కొలువుకు పంపడం, ఆ పిల్ల అటువంటి ఉత్తరం రాయడం నమ్మదగ్గవి కావని, ఆమె 1501 ప్రాంతంలో పుట్టి ఉండాలని ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారులు అంటున్నారు. అదే నిజమైతే ఆమె వయసు ముప్పై అయిదుకు చేరువ. కంటితో చూసి, చేతితో తడిమి ఎముక వయసు కట్టిన 19వ శతాబ్దపు పద్ధతిలో అయిదేళ్ళ తేడా పెద్ద తేడా కాదని వాదించవచ్చు. ఆ వాదన ఒప్పుకుంటే ఆ అంచనాతో ఏదీ రుజువు కాదని కూడా ఒప్పుకోవాలి.

అదే తవ్వకంలో దొరికిన మరికొన్నిటికి ఇంత చిక్కు లేదు. 67 ఏళ్ళ వయసులో 1541లో మరణశిక్ష పొందిన సాలిస్‌బరీ కౌంటెస్ మార్గరెట్ పోల్ ఎముకలు వయసు మళ్ళిన స్త్రీవి కావడంతో గుర్తించడం సులువైంది. కేథరిన్ హోవర్డ్ అస్థికలు మాత్రం దొరకనే లేదు. పూడ్చేటప్పుడు వేసిన సున్నం తినేసి ఉంటుందని సరిపెట్టుకున్నారు. అయినా ఈ రోజు ఆ చర్చి నేల మీద కేథరిన్ పేరుతో కూడా ఫలకం ఉంది. ఫలకం ఉన్నంత మాత్రాన కింద మనిషి ఉన్నట్టు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మన భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు చూసినవారికి తేడా తెలుస్తుంది. అక్కడ మనిషి పోయిన కాలంలోనే అయినవాళ్ళు పేరు, తేదీ చెక్కించి రాయి నిలిపారు. లండన్ టవర్‌లో ఆన్ పేరు చెక్కింది ఆమె పోయిన 341 ఏళ్ళకు.

1877 ఏప్రిల్ 13న ఆ అస్థికలను మళ్ళీ పూడ్చారు. ఒక్కొక్కరివి విడివిడిగా మందపాటి సీసపు పెట్టెల్లో పెట్టి మూత మాటేసి, వాటిని ఓక్ కర్ర పెట్టెల్లో ఉంచి, పేరు చెక్కిన సీసపు రేకు బిగించి, దొరికిన చోటనే నేలకు కొద్ది అంగుళాల కింద దించి పైన కాంక్రీటు పరిచారు. ఆ పైన పేర్లతో, వంశ చిహ్నాలతో పాలరాతి నేల వచ్చింది. ప్రతి ఏటా మే 19న అజ్ఞాత అభిమాని పంపే ఎర్ర గులాబీలను కోట రక్షకులు ఆ ఫలకం మీదే ఉంచుతారు. మీ వ్యాసకర్త ‘తెలియదు’ అన్న సమాధి ఇది.

ఇక ఫొటో సంగతి. మీరు అచ్చువేసిన గాజు దిండు, శిల్పి బ్రయన్ కాట్లింగ్ రూపొందించగా 2006లో కోట లోపలి టవర్ గ్రీన్ అనే పచ్చిక మీద నెలకొల్పిన స్మారకం. కోట లోపల మరణశిక్ష పొందినవారందరికీ గుర్తుగా పెట్టినది. దాని కింద ఎవరూ లేరు. అసలు ఆన్ తల తెగిన చోటు కూడా అది కాదని, వధ్యవేదిక వైట్ టవర్‌కు ఉత్తరాన, ఇప్పుడు వాటర్లూ బ్లాక్ ఎదురుగా ఉన్న మైదానంలో వేశారని చరిత్రకారుల అభిప్రాయం. ఈ వాటర్లూ బ్లాకు మన తెలుగువారికి మరో కారణం చేత తెలుసు. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌ను ప్రదర్శనకు పెట్టింది ఆ భవనంలోనే. పిల్లల చదువులకో ఉద్యోగాలకో లండన్ వెళ్ళివచ్చే విశాఖ కుటుంబాలు మన వజ్రం చూద్దామని అక్కడ వరుసలో నిలబడుతుంటాయి. వారి కాళ్ళ ముందున్న నేలే ఆన్ నడిచి వచ్చిన నేల కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. పక్కనే కనిపించే చిన్న చర్చిలోకి తొంగిచూడకుండా చాలామంది నగలు చూసి వెనక్కి వస్తారు. మీ వ్యాసం ఆ దారి చూపించి ఉంటే ఎంత బాగుండేది!

ఆమె బంధువులు శవాన్ని రాత్రికి రాత్రి దొంగిలించి నార్ఫోక్‌లోని సాల్ గ్రామ చర్చిలో నల్లరాతి కింద దాచారని వ్యాసంలో రాసినది స్థానిక కథ మాత్రమే. బొలీన్ వంశంలోని పూర్వీకుల సమాధులు అక్కడ ఉండటం వల్ల పుట్టిన కథ అది. ఆమె గుండెను సఫోక్‌లోని ఎర్వార్టన్ చర్చి గోడలో దాచారన్న కథ కూడా అటువంటిదే. సమకాలిక సాక్ష్యం దేనికీ లేదు.

వ్యాసకర్త స్కాట్లండు రాణి మేరీని కూడా ఒక వాక్యంలో తలచి వదిలేశారు. పోలిక తెచ్చినప్పుడు పూర్తిగా చెప్పాల్సింది. 1587 ఫిబ్రవరి 8న ఫాదరింగే కోటలో మేరీ తల తెగినప్పుడు ఆమెను నెలల తరబడి అక్కడే ఉంచి, చివరికి పీటర్‌బరో కెథడ్రల్‌లో పూడ్చారు. హెన్రీ మొదటి భార్య, ఆన్ కోసం అతను వదిలేసిన కేథరిన్ ఆఫ్ అరగాన్ ఉన్నదీ ఆ కెథడ్రల్‌లోనే. ఇంగ్లండుకు రాజైన మేరీ కొడుకు జేమ్స్ 1612లో తల్లిని వెస్ట్‌మినిస్టర్‌కు తెచ్చి, మరణశిక్ష మీద సంతకం చేసిన ఎలిజబెత్ సమాధికి ఎదురు నడవలో అంతకంటే ఘనమైన సమాధి కట్టించాడు. 19వ శతాబ్దంలో వెస్ట్‌మినిస్టర్ అబ్బే మతాధిపతి డీన్ స్టాన్లీ ఆ సమాధి కింది నేలమాళిగలోకి దిగినప్పుడు మేరీ శవపేటికను చూశాడు, తెరవకుండా వదిలిపెట్టాడు. అంటే మేరీ విషయంలో స్థలమూ, దేహమూ రెండూ రూఢి. ఆన్ విషయంలో స్థలం రూఢి, ఎముకలు అభిప్రాయం. వ్యాసంలో ఈ రెండు కలగాపులగమై, రూఢి అయినది కూడా తెలియనిదానిలో కలిసిపోయింది.

ఆధునిక పరీక్షలు చేస్తే ఆ అభిప్రాయమూ తేలిపోతుంది కదా అని మీ పాఠకులు అడగవచ్చు. ఆ చర్చి నేరుగా రాజు అధీనంలో ఉన్న ప్రార్థనాలయం కనుక రాజు అనుమతి లేకుండా ఎవరూ నేల తవ్వలేరు. తవ్వాలని నేనైతే కోరను. ఒకసారి పోగుపడి, ఒకసారి పరీక్షకు గురై, చివరికి కాంక్రీటు కింద కుదురుకున్న ఎముకలు అవి.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఒక చిన్న సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆన్ బొలీన్‌ను లండన్ టవర్‌లోని సెయింట్ పీటర్ ఆడ్ వింకులా చర్చిలో పూడ్చారని, బలిపీఠం ముందు ఆమె పేరు గల ఫలకం 1876–77 మరమ్మతుల్లో అమర్చినదని, దాని కింది అస్థికలు ఆమెవేనన్నది ఆనాటి వైద్యుడి నిర్ణయమని రాస్తే సరిపోతుంది. గాజు దిండు ఫొటోను మళ్ళీ వాడదలిస్తే దాని కింద ‘టవర్‌లో మరణశిక్ష పొందినవారి స్మారకం’ అని ముద్రించగలరు.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం